చిత్తూరు, తిరుపతి పొలాల నైట్రస్ ఆక్సైడ్ లెక్క: అన్ని పంటలకూ ఒకే ఒక్క శాతం ఎందుకు పనికిరాదు

మీరు అడిగింది ఇది: మీ రైతు ఉత్పత్తిదారుల సంఘంలో పలమనేరు వైపు వర్షాధార చెనక్కాయ, చిత్తూరు చుట్టుపక్కల బోర్ల కింద చెరకు, సత్యవేడు వైపు వరి ఉన్నాయి. సంఘం అమ్మిన ఎరువుల్లోని నత్రజనిని కూడి, అందులో 1 శాతం భూమిని వేడెక్కించే నైట్రస్ ఆక్సైడ్ వాయువుగా పోతుందని లెక్కగట్టారు. ఆ అంకె సరైనదేనా, కాకపోతే పొలంలో కొలవడం ఎలా?

సరైనది కాదు. 1 శాతం అనేది ప్రపంచం మొత్తానికి వేసిన సగటు. మీ మూడు పంటల్లో ఏ ఒక్కదానికీ అది సరిపోదు. చెనక్కాయకు రెట్టింపు చూపిస్తుంది, వరికి మూడు రెట్లు చూపిస్తుంది, చెరకుకు తక్కువ చూపించే అవకాశం ఉంది. మొత్తం అంకె ఎంత తప్పిందన్న దానికంటే, ఏ పంట దగ్గర మార్పు తేవాలన్నది తలకిందులవడమే అసలు నష్టం.

ముందు ఒక చిన్న తప్పు సరిచేసుకోండి. ఆ 1 శాతం నైట్రస్ ఆక్సైడ్ బరువు కాదు, ఆ వాయువులో ఉన్న నత్రజని బరువు. దాన్ని 44/28తో, అంటే 1.571తో గుణిస్తేనే వాయువు బరువు వస్తుంది. ఆ తర్వాత కార్బన్ డయాక్సైడ్ సమానంలోకి, అంటే అంతే వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్ బరువులోకి మార్చడానికి, వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం 273తో, ఐదో నివేదిక ప్రకారం 265తో గుణించాలి. రెండింట్లో ఏది వాడినా ఫర్వాలేదు, కానీ ఏది వాడారో కాగితం మీద రాయండి. లేకపోతే వచ్చే ఏడాది లెక్కతో పోల్చలేరు.

వాన గీత మన జిల్లాల మధ్యలోంచే పోతుంది

ఐపీసీసీ 2019లో తన 2006 మార్గదర్శకాలను సవరించినప్పుడు ఈ గుణకాన్ని, అంటే వేసిన నత్రజనిలో ఎంత శాతం ఇలా పోతుందన్న అంకెను, వాతావరణాన్ని బట్టి విడదీసింది. ఉష్ణమండలంలో ఏడాది వాన 1000 మిల్లీమీటర్లు దాటితే తడి ప్రాంతం, దాటకపోతే పొడి ప్రాంతం. తడి ప్రాంతంలో రసాయన ఎరువు నత్రజనికి 1.6 శాతం, పశువుల ఎరువు, పంట అవశేషాల వంటి వాటికి 0.6 శాతం. పొడి ప్రాంతంలో దేనికైనా 0.5 శాతం. అదే యూరియా బస్తా గీతకు ఇటు వేస్తే ఒకటి, అటు వేస్తే మూడు రెట్లకు పైన.

ఉమ్మడి చిత్తూరు జిల్లా సగటు వాన సుమారు 930 మిల్లీమీటర్లు. సగటు చూసి జిల్లా అంతా పొడి ప్రాంతం అనేస్తే పొరపాటు. ఈశాన్య రుతుపవనాల వాన తూర్పున గట్టిగా పడుతుంది. సత్యవేడు, వరదయ్యపాళెం, సూళ్లూరుపేట వైపు 1000 దాటుతుంది. పలమనేరు, కుప్పం వైపు ఆ గీతకు బాగా కింద ఉంటుంది. తిరుపతి, శ్రీకాళహస్తి మధ్య ప్రాంతం గీతకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడ మండలం మండలానికీ విడిగా చూడాలి.

చూసేటప్పుడు 30 ఏళ్ల సగటు తీసుకోండి, ఒక్క ఏడాది వాన కాదు. 2015, 2021 నవంబర్లలో తిరుపతి చుట్టుపక్కల కురిసిన వానలు లెక్కలోకి ఒంటరిగా వస్తే పొడి మండలాలు కూడా ఆ ఏడాదికి తడి మండలాలుగా కనిపిస్తాయి. భారత వాతావరణ శాఖ 0.25 డిగ్రీల గళ్ల వాన వివరాలు ఇస్తుంది. ఒక్కో గడి దాదాపు 27 కిలోమీటర్లు. శేషాచలం కొండలను తాకే గడిలో కొండ మీది వాన, కింది పొలాల వాన కలిసిపోతాయి. అక్కడ గడి అంకెను నమ్మకుండా మండల కేంద్రంలోని వానమాపకం రికార్డు తెచ్చుకోండి.

నత్రజని లెక్క: తప్పులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే

సంఘం అమ్మింది పొలంలో పడింది రెండూ ఒకటి కావు. సభ్యులు రైతు సేవా కేంద్రం దగ్గరా, ఊళ్లో కొట్లోనూ కొంటారు. సంఘం నుంచి తీసుకున్నది కౌలు భూమికీ, పక్కవాళ్లకీ పోతుంది. అందుకే పంటవారీగా, ఎకరావారీగా, ఎన్ని బస్తాలు, ఏ తేదీన వేశారో రైతునే అడగాలి. రూపాయల్లో అడగొద్దు. పంట విస్తీర్ణాన్ని ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-క్రాప్‌తో సరిచూసుకోవచ్చు.

యూరియా బస్తా 45 కిలోలు, అందులో నత్రజని 20.7 కిలోలు. పాత అలవాటు కొద్దీ 50 కిలోలని రాస్తే మొత్తం 11 శాతం పెరుగుతుంది. డీఏపీ 50 కిలోల బస్తాలో 9 కిలోలు, 20-20-0-13లో 10, 28-28-0లో 14, 17-17-17లో 8.5. నానో యూరియాను మాత్రం బస్తాకు సమానమని లెక్కలో వేయకండి. 4 శాతం ఉన్న అర లీటరు సీసాలో నత్రజని 20 గ్రాములే. ఉద్గారానికి లెక్క వచ్చేది ఆ 20 గ్రాములు. ఇప్పుడు యూరియా దాదాపు అంతా వేపపూత పూసినదే. దాని పేరు చెప్పి గుణకంలోంచి సొంతంగా కొంత శాతం కోసేయడం కూడా కుదరదు. తగ్గిందని చూపాలంటే మీ నేలలో, మీ పంటలో కొలిచిన అంకె ఉండాలి.

పశువుల ఎరువు ట్రాక్టరు లోడ్లలో చెబుతారు. లోడు ఎంతో ఒకసారి కాటా వేయించండి. దిబ్బ ఎరువులో నత్రజని దాదాపు అర శాతం అనుకోవచ్చు, టన్నుకు 5 కిలోలు. ఇంకో సంగతి: దిబ్బలో ఉన్నంతకాలం పోయే వాయువు పశుపోషణ ఖాతాలోది, పొలంలో చల్లాక పోయేది పంట ఖాతాలోది. పాడి ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ఈ రెండూ కలిపేసి రెండుసార్లు లెక్కించడం తరచూ జరుగుతుంది. పొలంలో గొర్రెల మంద పెట్టిస్తే అది మూడో ఖాతా. దానికి పశువుల ఎరువు గుణకం కాదు, మేతభూమిలో పడే గొర్రెల విసర్జనకు ఇచ్చిన 0.3 శాతం వాడాలి.

చెనక్కాయ విషయంలో అందరూ అడిగేది: వేరు బుడిపెలు గాలిలోంచి పట్టుకునే నత్రజనిని కలపాలా? కలపకూడదు. 1996 నాటి పద్ధతిలో కలిపేవారు. ఆ స్థిరీకరణ జరిగేటప్పుడు చెప్పుకోదగ్గ నైట్రస్ ఆక్సైడ్ రాదని తేలాక 2006లో తీసేశారు. కలపాల్సింది నేలలో మిగిలిపోయే ఆకు, వేర్లలోని నత్రజని మాత్రమే. చెనక్కాయ కట్టెలో నత్రజని 1.6 శాతం దాకా ఉంటుంది కాబట్టి, దాన్ని పీకి పశువులకు వేశారా, పొలంలోనే దున్నేశారా అన్నది తప్పక అడగండి. మన దగ్గర కట్టె దాదాపు అంతా వాములకే పోతుంది. అలాంటప్పుడు దాన్ని అవశేషంగా లెక్కిస్తే లేని ఉద్గారాన్ని రాసినట్లే. అదే నత్రజని పేడ రూపంలో తిరిగి వస్తే అప్పుడు లెక్కలోకి వస్తుంది.

మూడు పంటలు, హెక్టారు చొప్పున

పలమనేరు వర్షాధార చెనక్కాయ. హెక్టారుకు యూరియా ద్వారా 20 కిలోల నత్రజని (ఎకరాకు 18 కిలోల యూరియా సిఫారసు అదే), 5 టన్నుల పశువుల ఎరువు ద్వారా 25, నేలలో మిగిలే వేర్లు, రాలిన ఆకు ద్వారా 10 అనుకుందాం. మొత్తం 55. దీనికి 0.005 చొప్పున 0.275 కిలోలు. ఇది నేల నుంచి నేరుగా పోయేది. ఇంకా పరోక్ష భాగం ఉంది. యూరియాలో 15 శాతం, పశువుల ఎరువులో 21 శాతం అమ్మోనియాగా గాలిలో కలిసి మరోచోట నేల మీద దిగుతుంది. అది 3 + 5.25 = 8.25 కిలోలు. పొడి ప్రాంతం కాబట్టి దానికీ 0.005, వచ్చేది 0.041. పొడి ప్రాంతంలో వర్షాధారమైతే నీటితో కిందికి కొట్టుకుపోయే భాగం సున్నా. మొత్తం 0.316 కిలోల నత్రజని, 1.571తో గుణిస్తే 0.50 కిలోల నైట్రస్ ఆక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ సమానంలో 136 కిలోలు. ఇదే పొలానికి 2006 నాటి గుణకాలు, అవసరం లేని చోట నీటి నష్టం 30 శాతంతో సహా పెడితే 319 వస్తుంది.

సత్యవేడు వరి. ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటుంది. తడి ప్రాంతం కదా అని 1.6 శాతం పెడతారు. ఆ గుణకం నీరు నిలవని పంటలకు. నీరు నిలిచిన మడిలో ఆక్సిజన్ దాదాపు ఉండదు, అందువల్ల నైట్రేటు తయారవడమే తక్కువ, తయారైనది కూడా నైట్రస్ ఆక్సైడ్ దగ్గర ఆగకుండా నత్రజని వాయువు దాకా పోతుంది. అందుకే ఎప్పుడూ నీరు నిలిపే వరికి 0.3 శాతం, మధ్యలో ఒకసారో పలుసార్లో ఆరబెట్టే వరికి 0.5 శాతం. 120 కిలోల యూరియా నత్రజనికి నేరుగా 0.36, అమ్మోనియాగా పోయే 15 శాతానికి తడి ప్రాంతపు 0.014 చొప్పున 18 × 0.014 = 0.252, నీటితో కొట్టుకుపోయే 24 శాతానికి 0.011 చొప్పున 120 × 0.24 × 0.011 = 0.317. మొత్తం 0.929, అంటే 1.46 కిలోల నైట్రస్ ఆక్సైడ్, 399 కిలోల సమానం. నేరుగా పోయేదానికంటే పరోక్షంగా పోయేదే ఎక్కువ ఉందని గమనించండి. మడిలో యూరియా నిలిచిన నీళ్లలోకి చల్లడం మానేసి, నీరు తీసి బురద పదునులో చల్లించడం వల్ల కలిసొచ్చేది ఆ అమ్మోనియా భాగంలోనే. ఆరుతడి పద్ధతికి మారితే మొత్తం 501కి పెరుగుతుంది. దానికి భయపడి ఆరుతడి వద్దనకండి, అదే మడిలో మీథేన్ తగ్గే మోతాదు ఈ వంద కిలోల కంటే చాలా ఎక్కువ. రెండు వాయువులూ ఒకే పట్టికలో చూపిస్తే చదివేవాళ్లకు అర్థమవుతుంది.

చెరకు దగ్గరే అసలు సందిగ్ధం. చిత్తూరు వాన 1000 కంటే తక్కువ, కాబట్టి నియమం ప్రకారం పొడి ప్రాంతం, 0.5 శాతం. కానీ బోదెల్లో వారానికో పది రోజులకో తడి పెట్టే తోట నేల పొడి నేలలా ప్రవర్తించదు. 225 కిలోల యూరియా నత్రజనికి లెక్క చూడండి. నేరుగా 1.125, అమ్మోనియా ద్వారా 0.169. బోదెల ద్వారా నీరు పెడుతున్నారు కాబట్టి పొడి ప్రాంతమైనా నీటి నష్టం 24 శాతం లెక్కించాలి, అది 0.594. మొత్తం 1.888, సమానంలో 810 కిలోలు. అదే తోటకు తడి ప్రాంతపు గుణకాలు పెడితే 2002 కిలోలు. నా సలహా, నివేదికలో నియమం ప్రకారం వచ్చిన 810నే ప్రధాన అంకెగా ఉంచండి, దాని పక్కనే 2002ను ఎగువ హద్దుగా చూపండి. మీ సంఘం మొత్తంలో అనిశ్చితి ఎక్కడుందో దాని వల్ల స్పష్టమవుతుంది. డ్రిప్పు కింద ఉన్న తోటల్లో నీటి నష్టం లెక్కించనక్కర్లేదు, అప్పుడు 555. డ్రిప్పు పైపులున్నా వాటిని పక్కన పడేసి బోదెల్లోనే నీళ్లు వదులుతున్న తోటలను బోదెల కిందే రాయండి. సబ్సిడీ జాబితా చూసి రాస్తే ఇది బయటపడదు.

ఈ గుణకాలకు వెడల్పాటి హద్దులున్నాయి. పొడి ప్రాంతపు 0.5 శాతం సున్నా నుంచి 1.1 శాతం దాకా ఉండొచ్చని ఐపీసీసీయే చెబుతోంది. అందుకే 136 అని రాసేటప్పుడు 135.67 అని దశాంశాలు పెట్టకండి.

కొలవాలనుకుంటే ఏ పంట ఎంచుకోవాలి

చెనక్కాయ వద్దు. 20 కిలోల నత్రజనికి 0.5 శాతం అంటే హెక్టారుకు ఏడాదికి 100 గ్రాములు. ఎరువు వేయని నేల నుంచే అంతకంటే ఎక్కువ వస్తుంది. ఆ రెండింటి తేడా పట్టుకునే శక్తి మామూలు పెట్టె పద్ధతికి, అంటే నేల మీద పెట్టె బోర్లించి అందులో చేరే వాయువును కొలిచే పద్ధతికి, లేదు. డబ్బు, మనుషులు ఉన్నది చెరకు మీద పెట్టండి, కుదిరితే డ్రిప్పు కింద టమోటా మీద. ఎరువు వేసిన మడితో పాటు నత్రజని వేయని మడి తప్పనిసరి. గుణకం అంటే ఆ రెండింటి తేడాను వేసిన నత్రజనితో భాగించడం. నత్రజని లేని మడి లేకుండా కొలిచినది ఎంత శ్రమపడ్డా గుణకం కాదు. ఒక్కోదానికి కనీసం నాలుగు మడులు.

పెట్టె అడుగు చట్రాన్ని ఎరువు వేయడానికి ముందే, కనీసం ఒక రోజు ముందు, 5 నుంచి 10 సెంటీమీటర్లు నేలలోకి దించి అలాగే ఉంచాలి. ఎర్ర ఇసుక నేలలో లోతు తక్కువైతే గాలి పక్కల నుంచి లీకవుతుంది. చట్రం లోపల వేసే ఎరువును చేత్తో చల్లకుండా విడిగా తూచి వేయండి. 30 సెంటీమీటర్ల చదరానికి, హెక్టారుకు 100 కిలోల నత్రజని మోతాదులో యూరియా 1.96 గ్రాములే వస్తుంది. చేతి అంచనాతో చల్లితే ఒక చట్రంలో రెట్టింపు, ఇంకో దాంట్లో సగం పడుతుంది. చెరకులో బోదె లోపల ఒకటి, గట్టు మీద ఒకటి పెట్టి, వాటి వెడల్పు నిష్పత్తితో సగటు తీయాలి. ఎరువు బోదెలోనే వేసి, చట్రాలన్నీ అక్కడే పెడితే అంకె అమాంతం పెరుగుతుంది.

పెట్టెకు బయట వెండి రంగు తగరం, లోపల చిన్న ఫ్యాను, గాలి ఒత్తిడి సరిపెట్టే సన్నని గొట్టం ఉండాలి. మూసిన వెంటనే ఒకటి, తర్వాత 15, 30, 45 నిమిషాలకు ఒక్కోటి, మొత్తం నాలుగు నమూనాలు. రెండే తీస్తే లీకు ఉందో లేదో తెలియదు. సమయం ఉదయం 9 నుంచి 11 మధ్య, అప్పటి నేల వేడి రోజు సగటుకు దగ్గరగా ఉంటుంది. ప్లాస్టిక్ సిరంజిలో నమూనాను గంటల తరబడి ఉంచకండి, బ్యూటైల్ రబ్బరు మూత ఉన్న, గాలి తీసేసిన సీసాలోకి ఒత్తిడితో ఎక్కించండి. నమూనాలోని వాయువులను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌కు, నైట్రస్ ఆక్సైడ్‌ను పట్టే ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్ ఉండాలి.

లెక్క ఇలా. పెట్టె ఎత్తు 20 సెంటీమీటర్లు, గాఢత గంటకు 120 పీపీబీ (వంద కోట్లలో 120 వంతులు) చొప్పున పెరిగింది, లోపలి వేడి 35 డిగ్రీలు. ఆ వేడిలో ఒక మోల్ గాలి 25.3 లీటర్లు. చదరపు మీటరుపై 200 లీటర్ల గాలి, అంటే 7.9 మోల్స్. దాన్ని 120 పీపీబీతో, 28తో గుణిస్తే గంటకు చదరపు మీటరుకు 26.6 మైక్రోగ్రాముల నత్రజని. పాఠ్యపుస్తకంలోని 22.4 లీటర్లు వాడితే 30 వస్తుంది, దాదాపు 13 శాతం ఎక్కువ. దాదాపు 700 మీటర్ల ఎత్తున్న మదనపల్లె వంటి చోట గాలి ఒత్తిడి వల్ల ఇంకో 8 శాతం తగ్గించాలి.

ఎప్పుడు కొలవాలన్నది ఎంత బాగా కొలిచామన్న దానికంటే ముఖ్యం. ఎరువు వేశాక 1, 2, 3, 5, 7, 10 రోజుల్లో, ఆపై వారానికోసారి, పెద్ద వాన లేదా తడి తర్వాత 24 నుంచి 48 గంటల్లోపు. నేల రంధ్రాల్లో 60 నుంచి 80 శాతం నీరు నిండినప్పుడే ఈ వాయువు ఎక్కువగా వస్తుంది. మన ఎర్ర నేల ఆ స్థితిలో ఒకటి రెండు రోజులే ఉండి ఆరిపోతుంది. ఆ రోజులు తప్పిపోతే ఏడాది మొత్తంలో సింహభాగం తప్పిపోయినట్టే. ఇలా చూసుకోవచ్చు: నేల సాంద్రత 1.5, బరువు ప్రకారం తేమ 18 శాతం అయితే ఘనపరిమాణం ప్రకారం 27 శాతం, ఖాళీ 43.4 శాతం, నిండినది 62 శాతం. అంటే వెంటనే పెట్టె తీసుకుని పొలానికి పోవాల్సిన రోజు. చెరువు కింది బంక నేలల్లో ఇదే స్థితి వారం పైన ఉంటుంది కాబట్టి అక్కడ కొలతలు దూరం పెట్టుకోవచ్చు.

వేరే రాష్ట్రాల పద్ధతి చూసి జూన్ నుంచి అక్టోబరు దాకా కొలిచి ఆపేయకండి. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలే సగం కథ. పంట తీసేసిన ఖాళీ నేలలో మిగిలిన నైట్రేటు మీద తుపాను వాన పడినప్పుడు, మళ్లీ వేసవి ఎండకు మాడిన నేల తొలకరికి తడిసినప్పుడు ఒక్కసారిగా ఎగుస్తుంది. ఏడాది పొడవునా కొలవాలి.

కొలతలో చివరగా వచ్చే చిక్కు పరికరం హద్దు. పరికరం ఒకే నమూనాకు 7 పీపీబీ తేడా చూపిస్తే, అరగంట మూతలో 3 మైక్రోగ్రాముల లోపు ఉద్గారం కనిపించదు. 200 పొడి రోజులకు 3 చొప్పున వేస్తే హెక్టారుకు 144 గ్రాములు. అందుకే హద్దుకు దిగువన వచ్చిన విలువలను, మైనస్ వచ్చినవాటితో సహా, ఉన్నవి ఉన్నట్టే కూడండి. మైనస్‌లను సున్నా చేస్తే మొత్తం ఒకవైపుకే పెరుగుతుంది. పొడి రోజుల్లో మూత గంటకు పెంచడం, పెట్టె ఎత్తు తగ్గించడం కొంత సాయం చేస్తుంది.

నేల నుంచి పోయే వాయువును అంచనా కట్టే డీఎన్‌డీసీ, డేసెంట్ వంటి కంప్యూటర్ నమూనాలు వాడమని ఎవరైనా చెబితే, ఏడాది పైన ఇలాంటి కొలతలు చేతిలో ఉన్నప్పుడే ఒప్పుకోండి. నేల సాంద్రత, బంకమన్ను శాతం, సేంద్రియ కర్బనం, పీహెచ్, రోజువారీ వాన, తడి ఇచ్చిన తేదీలు ఇవ్వాలి. తడి తేదీలు రైతు దగ్గర రాసి ఉండవు, బోరు మోటారు నడిచిన రోజులను ఇప్పటి నుంచే ఒక పుస్తకంలో రాయించడం మొదలుపెట్టండి. పరికరం, విశ్లేషణ కోసం తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానాన్ని, ఎస్వీ వ్యవసాయ కళాశాల నేల శాస్త్ర విభాగాన్ని అడగండి. ప్రశ్న ఒక పేజీలో, నేల పరీక్ష ఫలితాలు, మడుల పటం జతచేసి తీసుకెళ్తే మాట ముందుకు సాగుతుంది.